ఏ మంచుకు ఆ స్కీ

స్నోమొబైల్‌కి కొత్త స్కీలు కావాలని మా కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చినా నేను ముందు అడిగే మాట ఒకటే: "నిన్న ఏ మంచు మీద నడిపారు?" చాలామంది దానికి జవాబు చెప్పరు. ఫిబ్రవరిలో స్నేహితులతో వెళ్ళబోయే కొండల గురించి చెబుతారు. ఫోన్ తీసి ఎవరో గాల్లోకి మంచు చిమ్ముకుంటూ పోయే వీడియో చూపిస్తారు. పక్కింటాయన వేయించుకున్న నారింజ రంగు స్కీల గురించి చెబుతారు. నాకు కావలసింది నిన్న, మొన్న, అటుమొన్న వాళ్ళ బండి ఎక్కడ తిరిగిందన్న సంగతి. సరదాకి నడిపేవాళ్ళు సరదా చూసుకుని కొనుక్కోవచ్చు. జీతం కోసం రోజుకు ఆరేడు గంటలు ఆ హ్యాండిల్ పట్టుకునేవాళ్ళకు మాత్రం స్కీ ఎంపిక గంటల లెక్క. ఎక్కువ గంటలు ఏ మంచు మీద గడుస్తాయో ఆ మంచుకు సరిపోయే స్కీ కొనాలి. అంతకంటే ముందు, అసలు కొనాలో అక్కర్లేదో తేల్చుకోవాలి.

ఉత్తర ఒంటారియోలో స్నోమొబైళ్ళు బాగుచేసే ఒక షాపులో విడిభాగాల కౌంటర్ చూస్తుంటాను. ఇక్కడ దాన్ని స్నోమొబైల్ అని పిలిచేవాళ్ళు తక్కువ, స్లెడ్ అంటారు. పెద్దవాళ్ళయితే ఏ కంపెనీదైనా స్కీ-డూ అనేస్తారు, మన ఇళ్ళలో ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. సడ్బరీ, టిమిన్స్, థండర్ బే కాలేజీలకు చదువుకని వచ్చిన మన పిల్లలు కొందరు చదువయ్యాక ఇక్కడే పనుల్లో కుదురుకుంటున్నారు. ఖనిజాల కోసం అడవిలో సర్వేలు చేసే క్యాంపులు, సరస్సుల పక్కన చేపల వేటకు వచ్చేవాళ్ళకు బస ఇచ్చే లాడ్జీలు, నాలాగా షాపులు. పుట్టి పెరిగినంతకాలం మంచు మొహం చూడని పిల్లవాడికి ఉద్యోగంలో చేరిన వారానికే స్లెడ్ తాళం చేతికిస్తారు. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే నాన్నకి ట్రాక్టరు తెలుసు, మామయ్యకి లారీ తెలుసు, దీని సంగతి చెప్పగలవాళ్ళు ఎవరూ ఉండరు. ఇది ఆ పిల్లల కోసం రాస్తున్నాను.

ఈ బండి పుట్టిందే పని కోసం. క్యూబెక్‌లోని వాల్‌కోర్ట్ అనే ఊళ్ళో మెకానిక్‌గా ఉన్న జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే 1934 చలికాలంలో రెండేళ్ళ కొడుకును పోగొట్టుకున్నాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి, బిడ్డను ఆసుపత్రికి చేర్చే మార్గం దొరకలేదు. మంచు మీద నడిచే బండి కోసం ఆయన కుర్రతనం నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ఆ చావు తర్వాత ఆ పని మీద మరింత పట్టుదల పెట్టాడు. ముందు ఎక్కువమంది ఎక్కే పెద్ద మంచు బండ్లు చేశాడు, 1959కి ఒకరిద్దరు ఎక్కే స్కీ-డూ తెచ్చాడు. ఆ తొలి బండ్లలో ఒకటి మా ఉత్తర ఒంటారియోలోనే లాన్స్‌డౌన్ హౌస్ అనే మారుమూల పల్లెకు, అక్కడ మిషనరీగా ఉన్న మారిస్ వీమెట్ ఫాదర్ దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా అటువైపు మంచులో ప్రయాణమంటే ఎక్కువగా కుక్కలు లాగే బండే. స్కీలను రంగుల అలంకారంగా చూసే కుర్రవాళ్ళకు నేను ఈ కథ తప్పకుండా చెబుతాను.

ఇక అసలు విషయం. స్నోమొబైల్‌కి ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్. తోసేది ట్రాక్, దారి చూపేది స్కీ. ఆ స్కీ చేయాల్సిన పనులు రెండు. మెత్తటి మంచులో కూరుకుపోకుండా తేలాలి, గట్టి మంచు మీద జారిపోకుండా కొరకాలి. తేలడానికి వెడల్పు కావాలి. కొరకడానికి కింద పదును కావాలి. స్కీని తిరగేసి చూస్తే నడిమధ్య పొడవునా ఒక వెన్ను కనిపిస్తుంది, దాన్ని కీల్ అంటారు. కీల్ అడుగున ఉక్కు కడ్డీ బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ కడ్డీలో పొదిగిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలే గట్టి మంచులోకి, గడ్డకట్టిన నీళ్ళలోకి దిగి బండిని తిప్పుతాయి. షాపుల్లో ఆ కడ్డీ మొత్తాన్నీ కలిపి కార్బైడ్ అనే అంటారు. నాగలికి కర్రు ఎలాగో స్కీకి కార్బైడ్ అలాగ. నాగలి ఎంత మంచి చేవకర్రతో చేసినా కర్రు అరిగితే భూమిలోకి దిగదు. కర్రు అరిగిందని నాగలి మార్చే రైతు ఉండడు, కమ్మరి దగ్గరికి వెళ్ళి కర్రు సాగదీయించుకుంటాడు. స్కీల దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివిని చాలామంది మరిచిపోతారు.

రెండేళ్ళ కిందట జనవరిలో నర్సీపట్నం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా షాపుకొచ్చాడు. సర్వే క్యాంపులో పని. సొంతంగా సెకండ్‌హ్యాండ్ స్లెడ్ కొనుక్కున్నాడు. నేను తెలుగువాణ్ణని తెలియగానే మొహం వెలిగిపోయింది. వెంటనే గోడు చెప్పుకున్నాడు: "అన్నా, బండి నా మాట వినట్లేదు. నేను ఒకవైపు తిప్పితే అది ఇంకోవైపు లాక్కుపోతోంది. ఎదురుగా ఇంకో బండి వస్తే ప్రాణం గుప్పెట్లో పెట్టుకుంటున్నాను. వెడల్పు స్కీలు వేస్తే సరిపోతుందన్నారు. ఎంతవుతుంది?"

అతను చెప్పింది కొత్త జబ్బేం కాదు. ఇక్కడ దాన్ని డార్టింగ్ అంటారు. ముందు వెళ్ళిన వందలాది స్లెడ్ల కార్బైడ్లు ట్రెయిల్ మీద, అంటే స్లెడ్లు తిరిగే దారి మీద, సన్నటి గాళ్ళు కోసి ఉంటాయి. మన కార్బైడ్ ఆ గాడిలో పడిందంటే గాడి ఎటు పోతే అటే పోతుంది. వానాకాలం తర్వాత ఎండిన బురద దారిలో ఎడ్లబండి చక్రం పాత గాడిలో పడి బయటికి రాకపోవడం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గాడి తప్పించుకోవడానికి చేతులు క్షణక్షణం హ్యాండిల్‌తో పెనుగులాడుతుంటే సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. అలసిన చేతులతో తిరుగు ప్రయాణం చేయాలి, అప్పటికి చీకటి కూడా పడుతుంది. అందుకే ఈ జబ్బును సుఖానికి సంబంధించిన చిన్న ఇబ్బందిగా తీసుకోవద్దంటాను. పనిచేసేవాడికి ఇది భద్రత సంగతి.

అతనికి ధర చెప్పకుండా బండిని లోపలికి తీసుకురమ్మన్నాను. ముందు భాగం పైకెత్తి కింద చూశాం. కార్బైడ్ కడ్డీ సగానికి పైగా అరిగిపోయింది. కడ్డీ మందం కొత్తప్పటి దానిలో సగానికి వచ్చిందంటే మార్చేయాలి. అది కూడా పోతే తర్వాత అరిగేది కీల్ ప్లాస్టిక్కే, అప్పుడు నిజంగానే స్కీ మార్చాల్సి వస్తుంది. ఒక కడ్డీ బోల్టు వదులై ఊగుతోంది. కడ్డీ కొద్దిగా వంగి కూడా ఉంది. వంగిన కడ్డీ వంకర కర్రు లాంటిది, తన దారి తను చూసుకుంటుంది.

తర్వాత స్కీలు రెండూ సమానంగా ఉన్నాయా అని కొలిచాం. ఈ కొలత ఎవరైనా షెడ్డులో చేసుకోవచ్చు. హ్యాండిల్‌ను నిటారుగా పెట్టి కదలకుండా కట్టండి. రెండు స్కీల ముందు కొసలకూ సాగే తాడు తగిలించి లాగితే స్టీరింగ్ కడ్డీల్లో ఉన్న వదులంతా ఒకవైపుకు వస్తుంది. ఇప్పుడు స్కీ బిగించిన బోల్టుకి ముందు కొంత దూరంలో, వెనక అంతే దూరంలో, రెండు కార్బైడ్ల మధ్య ఎడం కొలవండి. ముందు ఎడం వెనకటి కన్నా కాస్త ఎక్కువుండాలి. సాధారణంగా 1/8 అంగుళం నుంచి 1/4 అంగుళం దాకా. కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్మండి. ముందు కొసలు ఒకదానివైపు ఒకటి మూసుకున్నట్టు ఉంటే బండి నిలకడ తప్పుతుంది. ఈ కుర్రవాడి బండి సరిగ్గా అలాగే ఉంది. పాత యజమాని ఎక్కడో మోడుకి గుద్ది ఉంటాడు.

మూడోది రబ్బరు దిమ్మ. స్కీకి, దాన్ని పట్టుకునే నిలువు కాలికి మధ్య ఒక రబ్బరు ముక్క ఉంటుంది. చూడటానికి ఏమీ కాదు, చాలామంది దాన్ని పట్టించుకోరు. కాని స్కీ మంచు మీద ముందువైపు బరువు వేయాలో వెనకవైపు వేయాలో నిర్ణయించేది అదే. రబ్బరు చచ్చుబడితే స్కీ ముక్కు కిందికి వాలుతుంది, కీల్ ముందు భాగమే మంచును పట్టుకుంటుంది. ముందు భాగం ఎంత గట్టిగా పట్టుకుంటే బండి అంతగా గాళ్ళ వెంట పడుతుంది. అనుభవమున్న మెకానిక్కులు రబ్బరు వెనక భాగం కింద పలచటి పట్టీ పెడతారు. దాంతో స్కీ ముక్కు కాస్త లేచి, బరువు వెనక్కి సర్దుకుంటుంది. రూపాయికి రూపాయి విలువ చేసే చికిత్స ఇది.

ఆ రోజు అతనికి కొత్త కార్బైడ్లు, రబ్బరు దిమ్మలు అమ్మి, కొలత సరిచేసి పంపాను. స్కీలు అమ్మలేదు. మా యజమానికి నష్టమే కదా అని ఎవరైనా అనవచ్చు. కౌంటర్ ఉద్యోగం చేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. అక్కర్లేని సామాను అంటగట్టించుకున్న మనిషి, జబ్బు తగ్గకపోతే మళ్ళీ మన గుమ్మం తొక్కడు. జబ్బు తగ్గిన మనిషి వాళ్ళ క్యాంపు మొత్తాన్నీ వెంటబెట్టుకొస్తాడు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బండి తిరగడం లేదంటే, అప్పుడు స్కీల గురించి మాట్లాడుకుందాం.

మీ గంటలు ఎక్కువగా చదును చేసిన ట్రెయిల్ మీద గడుస్తాయా? ఒంటారియోలో క్లబ్బులు రాత్రిపూట యంత్రాలతో మంచు సాపు చేసి, తెల్లారేసరికి దారి గట్టిపడేలా చేస్తాయి. అలాంటి చోట 5.5 నుంచి 6.5 అంగుళాల వెడల్పు చాలు. స్కీ-డూ వాళ్ళ పైలట్ 5.7 అనే స్కీ పేరులో ఉన్న అంకె అంగుళాల వెడల్పే, ట్రెయిల్ బండికి ఎంత వెడల్పు సరిపోతుందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఇక్కడ వెడల్పు కన్నా కీల్ ముఖ్యం. లోతైన కీల్ వదులు మంచు పేరుకున్న మలుపులో కూడా పట్టు ఇస్తుంది. గాళ్ళ బాధ భరించలేనివాళ్ళకు జంట కీల్ స్కీలు ఉన్నాయి. సిమ్మన్స్ ఫ్లెక్సీ-స్కీ వాటిలో పేరున్నది. ఒక్కో స్కీ కింద రెండు వెన్నులు, రెండు కార్బైడ్లు. ఒక కార్బైడ్ గాడిలో పడబోయినా రెండోది గట్టు మీద ఉండి దాన్ని ఆపుతుంది. రోజంతా ట్రెయిల్ గస్తీ తిరిగేవాళ్ళకు, అతిథులను వెంటబెట్టుకు తిప్పే గైడ్లకు నేను మొదట చూపించేది వీటినే. దీనికి వెల కూడా ఉంది. నిలబడిన చోట, నెమ్మదిగా పోయే చోట హ్యాండిల్ బరువెక్కుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు కొనేముందు ఎవరిదైనా బండి ఒక గంట నడిపి చూడండి. కార్బైడ్లు అరిగితే రెండుకు బదులు నాలుగు కొనాలి, అదీ లెక్కలో వేసుకోండి.

కార్బైడ్ లోతును స్కీ మీదున్న మరతో పెంచుకునే, తగ్గించుకునే రకాలు కూడా వచ్చాయి, పైలట్ టీఎస్ లాంటివి. పొద్దున గడ్డకట్టిన దారి, మధ్యాహ్నం మెత్తబడే దారి ఒకే రోజు చూసేవాళ్ళకు అవి పనికొస్తాయి. రోజూ ఒకే దారిలో పోయేవాళ్ళకు ఆ డబ్బు దండగ.

మీ పని అడవిలోపల, సరస్సుల మీద, వెనక సామాను బండి కట్టుకుని పోయేదైతే లెక్క మొత్తం మారిపోతుంది. తెలుగు పిల్లలు ఎక్కువగా చేరేది ఈ పనుల్లోనే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. స్కాండిక్, టండ్రా, టైటన్, వీకే ప్రొఫెషనల్ లాంటి పని బండ్లకు వేగంతో పెద్దగా అవసరం లేదు. సర్వే గీత వెంట, ఎవరూ తొక్కని మంచులో గంటకు పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో పోవాలి. వెనక జనరేటరు, ఇంధనం డబ్బాలు, నమూనా రాళ్ళ సంచులు. సరస్సు మీద ఇంకో గండం స్లష్. పైన మంచు బరువుకి ఐసు కుంగి, పగుళ్ళలోంచి నీళ్ళు పైకి వచ్చి మంచు కింద దాక్కుంటాయి. పైనుంచి చూస్తే తెల్లగా చదునుగానే ఉంటుంది. అందులోకి దిగిన బండి బురదలో దిగబడిన ఎద్దులా కదలదు.

ఇక్కడ వెడల్పే దేవుడు. దమ్ము చేసిన మడిలో నాగలి దిగబడుతుంది గాని, చదును చేసే పట్టె మీద మనిషి నిలబడినా అది తేలిపోతుంది. బరువు ఎక్కువ చోట పరుచుకోవడమే దాని రహస్యం. ఏడు నుంచి ఎనిమిది అంగుళాలు, బండి బరువును బట్టి ఇంకాస్త ఎక్కువ వెడల్పున్న స్కీ తీసుకోండి. ముక్కు బాగా పైకి వంపు తిరిగి ఉండాలి, మంచు కింద దాగిన మోడు మీదికి అది ఎక్కి దాటాలి గాని దాని కిందికి దూరకూడదు. ముందు కొసకున్న పట్టుకునే వంకీ గట్టిదై ఉండాలి. దిగబడిన బండిని పక్కకు లాగేది ఆ వంకీ పట్టుకునే. చేతికి దళసరి గ్లవ్ తొడుక్కుని దాన్ని పట్టుకోగలరో లేదో షాపులోనే చూసుకోండి. ఈ పనికి ఎనిమిది, పది అంగుళాల పొడవు కార్బైడ్ అక్కర్లేదు, నాలుగంగుళాలది చాలామందికి సరిపోతుంది.

అయితే ఒక హెచ్చరిక. వెనక బరువు ఎక్కువై బండి ముందు భాగం తేలిక కావడం వల్ల కూడా స్టీరింగ్ పనిచేయదు. స్కీ మంచును తాకుతూ ఉంటుంది గాని నొక్కదు. అలాంటప్పుడు ఎంత ఖరీదైన స్కీ వేసినా ఉపయోగం లేదు. సీటు వెనక ర్యాక్ మీదున్న ఇంధనం డబ్బాలను దించి, వెనక లాగే సామాను బండిలోకి మార్చి, ఆ బండిలోనూ బరువు కొక్కెం మీద వాలకుండా మధ్యకి సర్దండి. క్యాంపు నుంచి వచ్చిన ఒక జట్టు మొత్తం మూడు బండ్లకు స్కీలు మార్చాలని వచ్చి, సామాను సర్దుకుని తిరిగి వెళ్ళిపోయిన రోజు నాకు బాగా గుర్తు.

పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా కొండల్లో నడుము లోతు పొడి మంచులో నడిపేవాళ్ళ స్కీలు వేరే లోకం. ఎనిమిది, తొమ్మిది అంగుళాలుంటాయి, అంతకన్నా వెడల్పువీ ఉన్నాయి. మా ప్రాంతంలో పనిచేసేవాళ్ళకు వాటి అవసరం రాదు. ఈ మాట నేను చేతులు కాల్చుకున్నాక చెబుతున్నాను. ఇక్కడికి వచ్చిన రెండో చలికాలం అక్కడి రెవెల్‌స్టోక్ కొండల వీడియోలు చూసీ చూసీ, నా ట్రెయిల్ బండికి కొండ స్కీలు కొన్నాను. లోతులేని కీల్, పొట్టి కార్బైడ్. మొదటి వారంలోనే, గడ్డకట్టిన మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిప్పినా బండి తిన్నగా పోయి మంచు గట్టుకు గుద్దుకుంది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి భుజం బెణుకుతో బయటపడ్డాను. ఎదురుగా ఎవరైనా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటాను. స్కీలో ఏ లోపమూ లేదు. అది తను పుట్టిన మంచులో బంగారంలాంటి స్కీ. నా మంచు వేరు.

స్కీతో పాటు వెనక ట్రాక్ సంగతి కూడా కౌంటర్లో చెప్పాలి, చాలామంది చెప్పరు. ట్రాక్‌కి ఇనుప మేకులు, అంటే స్టడ్లు కొట్టించుకుని ఉంటే వెనక భాగం ఐసును గట్టిగా పట్టుకుని ముందుకు తోస్తుంది. ముందు కార్బైడ్ దానికి తగినంత లేకపోతే హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. స్టడ్లు పెరిగితే కార్బైడ్ పొడవు కూడా పెరగాలి. దీనికి తిరకాసు కూడా ఉంది. స్టడ్లు లేని ట్రాక్‌కి బాగా పదునైన పొడవాటి కార్బైడ్లు వేస్తే ముందు భాగం పట్టుకుని, వెనక భాగం ఈడ్చుకుపోయి బండి గిర్రున తిరుగుతుంది. ముందుకీ వెనక్కీ జోడు కుదరాలి, కాడికి కట్టిన రెండెడ్ల లాగ. కార్బైడ్ పదును కోణంలో కూడా తేడా ఉంది. 60 డిగ్రీలది ఎక్కువ కొరుకుతుంది, 90 డిగ్రీలది ఎక్కువకాలం మన్నుతుంది. రోడ్లు, వంతెనలు, రైలు పట్టాలు తరచు దాటాల్సిన పనివాళ్ళకు నేను 90 వైపే మొగ్గుతాను. తారు మీద కొద్ది దూరం పరుగు కూడా కార్బైడ్‌ను బాగా అరగదీస్తుంది.

స్కీ ఏ పదార్థంతో చేశారో అడగండి. మంచి స్కీలు యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిలీన్ అనే దిట్టమైన ప్లాస్టిక్‌తో చేస్తారు. మైనస్ 40లో కూడా అది పెళుసెక్కదు, తడి మంచు దానికి అంతగా అంటుకోదు. పాత పని బండ్లకు ఇనుప స్కీలు ఉంటాయి. ఇనుప స్కీ వంగకుండా బాగుంటే దాన్ని పారేయనక్కర్లేదు, అడుగున తొడిగే ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. చేతిలో డబ్బు తక్కువున్న పిల్లలకు అది మంచి మార్గం. సెకండ్‌హ్యాండ్ స్కీలు కొంటుంటే మూడు చోట్ల చూడండి: బోల్టు రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా, కాలు కూర్చునే గాడి దగ్గర వెంట్రుక పగుళ్ళున్నాయా, కీల్ మధ్యలో అరిగి కార్బైడ్ బోల్టు తలలు బయటపడ్డాయా. మూడింట్లో ఏ ఒక్కటున్నా ఎంత చవకైనా వద్దు.

బిగింపు దగ్గర జరిగే పొరపాటు గురించి. బయటి కంపెనీల స్కీ ఏ బండికైనా వస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది. నిజమే, కాని మీ బండి కంపెనీ, మోడల్, సంవత్సరం చెప్పి దానికి సరిపోయే బిగింపు కిట్ విడిగా తీసుకోవాలి. కాలి మందం, బోల్టు లావు కంపెనీని బట్టి మారతాయి. సరైన స్పేసర్ లేకుండా వాషర్లు కుక్కి బిగించిన స్కీ కొన్నాళ్ళకు ఊగడం మొదలుపెడుతుంది, చివరికి బోల్టు తెగుతుంది. పాత లాక్ నట్టు మళ్ళీ వాడొద్దు, పిన్ను ఉండే రకమైతే కొత్త పిన్ను వేయండి. బిగింపు బలం మాన్యువల్లో ఉన్నంతే, టార్క్ రెంచితో. బిగించాక ముందు భాగం పైకెత్తి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి చూడండి. వెడల్పు స్కీ దేనికైనా తగులుతోందా? సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు కూడా చూడాలి. ట్రైలర్లో రెండు బండ్లు పక్కపక్కన పెట్టేవాళ్ళు, ఇరుకు తలుపు షెడ్డు ఉన్నవాళ్ళు టేపుతో వెడల్పు కొలుచుకుని మరీ కొనండి. యమహా 2025 మోడళ్ళతో కెనడా, అమెరికాల్లో స్నోమొబైళ్ళ అమ్మకం ముగిస్తానని ప్రకటించింది కాబట్టి, ఆ బండ్లున్నవాళ్ళు తమ మోడల్‌కి సరిపోయే బిగింపు కిట్ ఒకటి అదనంగా కొని దాచుకోవడం మంచిది.

ఇప్పటిదాకా చెప్పింది సొంత బండి గురించి. క్యాంపు బండైతే ఒక్క బోల్టు కూడా మీ అంతట మీరు మార్చకండి. కార్బైడ్ అరిగిందనో స్కీ పగిలిందనో మీకు తెలిస్తే సూపర్‌వైజరుకు చెప్పాలి, నోటితో చెప్పి ఊరుకోకుండా రాసి ఇవ్వాలి. ఒంటారియో వృత్తి ఆరోగ్య భద్రతా చట్టం ప్రకారం, పరికరంలో లోపం తెలిసిన కార్మికుడు యాజమాన్యానికి తెలియజేయడం విధి. తనకు ప్రమాదమని నమ్మడానికి కారణముంటే ఆ పని చేయనని చెప్పే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. కొత్తగా చేరాను, వీసా సంగతేమవుతుందో, నోరెత్తితే ఏమనుకుంటారో అని మన పిల్లలు అరిగిన కార్బైడ్లతోనే సరస్సులు దాటుతుంటారు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చట్టం వీసా చూసి మాట్లాడదు. పొద్దున బయల్దేరేముందు నింపే తనిఖీ కాగితంలో స్కీల గడి ఉంటే నిజం రాయండి. గడి లేకపోతే కింద ఖాళీలో రాయండి, ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి.

రాత్రి బండి ఆపేటప్పుడు స్కీల కింద రెండు చెక్క పలకలు పెట్టండి. స్లష్‌లోంచి వచ్చిన తడి స్కీ నేల మీద ఆగితే తెల్లారేసరికి గడ్డకట్టి అతుక్కుంటుంది. పొద్దున తొందరలో యాక్సిలరేటర్ నొక్కి దాన్ని పెకలించాలని చూస్తే బెల్టు కాలుతుంది. పలకలు మరిచిపోతే ముందు చేత్తో స్కీ ముక్కు ఎత్తి విడిపించి, అప్పుడు స్టార్ట్ చేయండి.

కొత్త స్కీలు వేశాక ఒకేసారి అన్నీ మార్చకండి. స్కీ మారిస్తే ఆ వారం అదొక్కటే. కార్బైడ్ పొడవు మార్చాలనిపిస్తే తర్వాతి వారం. తెలిసిన దారిలో, ఒకే వేళలో నడిపి, చేతులు ఎంత అలిశాయో, మలుపులో ముందు జారిందా వెనక జారిందా చిన్న పుస్తకంలో రాసుకోండి. ముందు జారితే పట్టు చాలలేదు. వెనక జారితే ముందు పట్టు ఎక్కువైంది. తిన్నని దారిలో అటూ ఇటూ లాగితే రబ్బరు దిమ్మ, కొలత మళ్ళీ చూడాలి. మొదటి వంద కిలోమీటర్లు పూర్తయ్యాక బోల్టులన్నీ రెంచితో ఒకసారి సరిచూడండి, కొత్త ప్లాస్టిక్ కాస్త నొక్కుకుని వదులవుతుంది.

నర్సీపట్నం కుర్రవాడు మార్చిలో మళ్ళీ వచ్చాడు. చేతిలో అలాంటి పుస్తకమే ఉంది, వంకరటింకర తెలుగు అక్షరాల్లో తారీకులు, దారి పేర్లు. కార్బైడ్ మార్చాక గాళ్ళ గొడవ తగ్గిందట. కాని ఫిబ్రవరిలో వాళ్ళ క్యాంపు ఇంకా ఉత్తరానికి మారింది, ట్రెయిలే లేని చోటికి. ఆ నెల పేజీలన్నీ ఒకే మాట: "దిగబడింది. దిగబడింది. సరస్సు దగ్గర దిగబడింది." నేనేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి వెడల్పు స్కీల డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాను.

"వంకీ పట్టుకుని చూడు తమ్ముడూ, గ్లవ్ వేసుకునే," అన్నాను.